మట్టి కింద ఏదో ఉంది: రాడార్ చెప్పేదెంత, మనం చెప్పవలసినదెంత?



కెనడాలో సంఘాలు నడిపిన పాఠశాలల దగ్గర పిల్లల సమాధులు బయటపడ్డాయన్న వార్త 2021లో ప్రపంచమంతా తిరిగింది. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక సందేశమేమో వందల శవాలు తవ్వి తీశారంటుంది. ఇంకొకటి, అదంతా సంఘానికి చెడ్డపేరు తేవడానికి అల్లిన కథ అంటుంది. రెండు పక్షాలవారూ ఒకే యంత్రాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. అది నేల లోపలికి చూడగల రాడార్. యౌవనస్థుల కూడికల్లో ఈ ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేక మాట మార్చే పెద్దలు ఉన్నారు.

ఏది నిజమో తేల్చుకోవాలంటే ముందుగా ఆ యంత్రం ఏమి చూడగలదో, ఏమి చూడలేదో తెలియాలి. అది తెలియకుండా ఏ పక్షాన మాట్లాడినా విన్నదాన్ని మోసుకొని తిరిగినట్టే అవుతుంది. అందుకే ఈ వారం సంపాదకీయంలో విజ్ఞానశాస్త్రం కొంచెం ఎక్కువగా ఉంటుంది. హైస్కూలు చదువుకున్నవారెవరికైనా అందేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాము. ఆ తర్వాత కెనడా సంగతికి, చివరికి మన సమాధుల తోటల సంగతికి వద్దాము.

నేలలోకి వేసే కేక

పాత బావిలోకి వంగి కేక వేస్తే ఆ కేక లోపల తాకి తిరిగి మనకే వినబడుతుంది. నీళ్ళు పైనే ఉంటే వెంటనే, లోతుగా ఉంటే కొంచెం ఆలస్యంగా. రాడార్ చేసేదీ ఇటువంటి పనే. శబ్దానికి బదులు రేడియో తరంగాన్ని పంపి, అది దేన్నైనా తాకి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. ఆకాశంలో విమానాన్ని కనిపెట్టే రాడార్ అయినా, తుపాను మేఘాలను గమనించే మచిలీపట్నం రాడార్ అయినా మూలసూత్రం ఇదే.

నేలలోకి చూసేదాన్ని గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ అంటారు. పొట్టిగా జీపీఆర్. చూడడానికి చిన్న తోపుడుబండిలా ఉంటుంది. అడుగున ఒక పెట్టె, అందులో యాంటెన్నా, చేతిపిడి దగ్గర ఒక తెర. మనిషి దాన్ని నేల మీద నెమ్మదిగా తోసుకుంటూ వెళతాడు. కొద్ది సెంటీమీటర్లకు ఒకసారి అది తరంగాన్ని లోపలికి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది.

ఆ తరంగం గాలిలో ఒక నానోసెకనుకు, అంటే సెకనులో వంద కోట్లవ వంతుకు, 30 సెంటీమీటర్లు పోతుంది. పొడి ఇసుకలో దాని వేగం సగానికి తగ్గి సుమారు 15 సెంటీమీటర్లు అవుతుంది. బాగా తడిసిన మట్టిలో 6, 7 సెంటీమీటర్లకు పడిపోతుంది. అందుచేత 30 నానోసెకన్లకు తిరిగివచ్చిన ప్రతిధ్వని పొడి ఇసుకలో అయితే రెండుంపావు మీటర్ల లోతు నుంచి వచ్చినట్టు, తడి మట్టిలో అయితే దాదాపు ఒక మీటరు లోతు నుంచి వచ్చినట్టు. యంత్రం కొలిచేది కాలాన్ని మాత్రమే. లోతు ఎంత అన్నది ఆ నేలను ఎరిగిన మనిషి వేసే లెక్క.

మరి తరంగం ఎక్కడ వెనక్కి తిరుగుతుంది? రెండు పదార్థాల విద్యుత్ గుణం మారిన చోట. ఈ గుణాన్ని శాస్త్రజ్ఞులు ఒక అంకెతో చెబుతారు. గాలికి అది 1, పొడి ఇసుకకు 3 నుంచి 5 వరకు, నీటికి సుమారు 80. ఈ అంకెల మధ్య తేడా ఎంత పెద్దదైతే ప్రతిధ్వని అంత బలంగా వస్తుంది. లోహమైతే తరంగాన్ని దాదాపు మొత్తంగా తిప్పికొడుతుంది. అంటే రాడార్‌కు వస్తువు పేరు తెలియదు. దానికి తెలిసేది మార్పు. "ఇక్కడి మట్టి పక్కనున్న మట్టిలాగ లేదు" అన్నంత మటుకే అది సాక్ష్యం చెబుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1910లోనే జర్మనీలో లైంబాక్, లోవి అనే ఇద్దరు రేడియో తరంగాలతో భూమిలోని వస్తువులను కనిపెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. 1929లో ఆస్ట్రియాలో ఒక హిమానీనదం ఎంత మందమో ఇలాగే కొలిచారు. 1972లో అపోలో 17 నౌక చంద్రుని చుట్టూ తిరుగుతూ చంద్రుని నేల లోపలి పొరలను రాడార్‌తో పరిశీలించింది. ఈనాడు రోడ్డు తవ్వకుండా పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో చూడడానికి, కాంక్రీటులో ఇనుప చువ్వలు గుర్తించడానికి, మందుపాతరలు వెదకడానికి, మట్టిలో మరుగైన పాత గోడలు కనిపెట్టడానికి దీన్ని వాడుతున్నారు.

బోర్లించిన మూకుడు

తెర మీద ఫోటో లాంటిది వస్తుందని చాలామంది అనుకుంటారు. సినిమాల్లో చూపినట్టు అస్థిపంజరం బొమ్మ రాదు. నలుపు తెలుపు గీతలు పొరలు పొరలుగా కనబడతాయి. వాటి మధ్య అక్కడక్కడ బోర్లించిన మూకుడులాంటి వంపు ఉంటుంది. యాంటెన్నా నుంచి తరంగం దారంలా నేరుగా దిగదు, టార్చిలైటు వెలుగులాగ పరచుకొని దిగుతుంది. అందువల్ల బండి వస్తువు మీదికి రాకముందే ఏటవాలుగా దాని ప్రతిధ్వని అందుతుంది. దూరం ఎక్కువ గనుక ఆలస్యంగా అందుతుంది. సరిగ్గా పైకి వచ్చినప్పుడు అన్నిటికన్న త్వరగా, దాటిపోయాక మళ్ళీ ఆలస్యంగా. ఈ మూడూ పక్కపక్కన పెడితే వంపు ఏర్పడుతుంది. ఆ వంపు కొన దగ్గర వస్తువు ఉంటుంది.

చిక్కు ఏమిటంటే పైపు, రాయి, చెట్టు వేరు, జంతువు తవ్విన బొరియ, తుప్పుపట్టిన డబ్బా అన్నీ ఇటువంటి వంపునే ఇవ్వగలవు. కనిపెట్టడం ఒక పని, గుర్తుపట్టడం ఇంకొక పని. గుర్తుపట్టడానికి ఒక్క వరుస చాలదు. పావు మీటరు లేదా అర మీటరు ఎడంతో స్థలమంతా వరుసలుగా తోస్తారు, అవసరమైతే అడ్డంగా కూడా తోస్తారు. అన్ని వరుసల్లోనూ ఒకే లైనులో వంపు వస్తూ పోతే అది పొడవైనది, పైపు కావచ్చు. ఒకటి రెండు వరుసల్లోనే వచ్చి ఆగిపోతే రాయి వంటిది కావచ్చు. వరుసలన్నిటినీ కంప్యూటరులో కలిపితే ఒక్కొక్క లోతుకు ఒక్కొక్క పటం తయారవుతుంది. ఇంత చేసినా చివర వచ్చే మాట "కావచ్చు" అనేదే.

తరంగం ఎంపికలో కూడా ఒకటి పొందాలంటే ఒకటి వదులుకోవాలి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడితే చిన్న వస్తువులు స్పష్టంగా తెలుస్తాయి గాని తరంగం లోతుకు పోదు. తక్కువ ఫ్రీక్వెన్సీ లోతుకు పోతుంది గాని చిన్నవి కనబడవు. సమాధుల వంటి వాటికి 400, 500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని యాంటెన్నాలను ఎక్కువగా వాడతారు. నేల అనుకూలిస్తే రెండు మూడు మీటర్ల వరకు చూడవచ్చు.

నేల అనుకూలించడం అన్నది చిన్న షరతు కాదు. అంటార్కిటికా మంచులో రాడార్ కిలోమీటర్ల లోతు చూస్తుంది. మన నల్లరేగడిలో, అందునా వానాకాలంలో, మీటరు లోతు చూడడం కూడా కష్టం కావచ్చు. బంకమట్టిలోనూ ఉప్పునీటిలోనూ విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది, అందుచేత తరంగం బలం దారిలోనే ఇంకిపోతుంది. కోస్తా ఉప్పునేలలదీ ఇదే కథ. అటువంటి చోట రాడార్‌కు ఏమీ కనబడకపోతే, లోపల ఏమీ లేదని అర్థం కాదు. ఏదో కనబడితే అది మనం వెదకుతున్నదే అనీ అర్థం కాదు. ఈ రెండు వాక్యాలూ ఎప్పుడూ కలిసే ఉండాలి.

సొరంగంలో మనం చూసినది

ఇది మన కళ్ళ ముందే జరిగింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, లోపల దాదాపు 14 కిలోమీటర్ల దూరాన, పైకప్పు కూలింది. ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు రాడార్‌తో బురదను పరిశీలించి కొన్ని చోట్లు గుర్తించారు. ఆ వార్త వినగానే మనుషులు దొరికారనే మాట రాష్ట్రమంతా పాకింది. ఎంతోమంది ప్రార్థనలో ఉన్నారు. కాని గుర్తుపెట్టిన ప్రతిచోటా మనుషులు దొరకలేదు.

తప్పు శాస్త్రజ్ఞులది అనలేము. ఆ సొరంగం నిండా నీరు, బురద, విరిగిన యంత్రపు ఇనుము. రాడార్‌కు ఇంతకన్న కష్టమైన స్థలం ఉండదు. కేరళ పోలీసుల జాగిలాలు కూడా వచ్చి వాసనపట్టి చోట్లు చూపాయి. మార్చి 9న ఒక మృతదేహం, 25న మరొకటి బయటికి తేగలిగారు. "ఇక్కడ ఏదో ఉంది" అన్న మాటకు, "ఇక్కడ మా నాన్న ఉన్నాడు" అన్న మాటకు ఎంత దూరమో ఆ కుటుంబాలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ దూరాన్ని లెక్కచేయకుండా వార్త చెప్పేవారు ముందుగా గాయపరిచేది ఎదురుచూసేవారినే.

పండితులు కూడా ఈ దూరాన్ని మరచిపోతారు. ఐగుప్తులో టూటంకామన్ రాజు సమాధి గోడ వెనుక ఇంకా గదులున్నాయని, అందులో నెఫెర్తీతి రాణి ఉండవచ్చని 2015లో ఒక పరిశోధకుడు ప్రతిపాదించాడు. అప్పుడు చేసిన రాడార్ పరీక్షలో గదులు కనబడుతున్నాయని ప్రకటనలు వచ్చాయి. ఆ తర్వాత ఇంకొక బృందం చూస్తే ఆ ఆనవాళ్ళు కనబడలేదు. చివరికి ఇటలీలోని తురిన్ నగర సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం వివరంగా పరిశీలించి, అటువంటి గదులు లేవని 2018లో తేల్చింది. గోడ మారలేదు. దాని వెనుక ఏమి కావాలని మనుషులు ఆశించారో అది తెర మీది గీతల్లో కనబడింది, అంతే.

మన ప్రాంతాల్లో గుప్తనిధుల పేరిట పాత కోటలు, గుళ్ళు, సమాధులు తవ్వేవారున్నారు. బంగారాన్ని చూపే రాడార్ అని చెప్పి డబ్బు గుంజేవారి మాట నమ్మవద్దని ఈ సందర్భంలోనే మనవి. ఏ జీపీఆర్ కూడా ఇది బంగారం అని చెప్పదు.

సమాధిని ఎలా గుర్తుపడతారు?

పాత సమాధిలో రాడార్ సాధారణంగా ఎముకలను చూడదు. అవి చిన్నవి, చుట్టూ ఉన్న మట్టికి వాటికి తేడా తక్కువ. అది చూసేది గుంటను. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా మునుపటిలా అమరదు. సహజమైన పొరలు అక్కడ తెగిపోయి ఉంటాయి. పెట్టె ఇంకా కూలకపోతే లోపల ఖాళీ ఉంటుంది, అది బలమైన ప్రతిధ్వని ఇస్తుంది. గుంట కొలతలు, లోతు, వరుస కూడా సహాయపడతాయి. క్రైస్తవ సమాధులను తూర్పు పడమరలుగా పెట్టే ఆచారం చాలా దేశాల్లో ఉంది గనుక, ఒకే దిక్కుకు తిరిగి వరుసగా ఉన్న గుంటలు కనబడితే అవి సమాధులు కావచ్చన్న నమ్మకం పెరుగుతుంది. పిల్లల సమాధులు చిన్నవి, తరచుగా లోతు తక్కువ. వాటిని చెట్టు వేర్ల నుంచి, రాళ్ళ నుంచి వేరుచేయడం మరీ కష్టం.

అందుకే అనుభవమున్నవారు తమ నివేదికలో "సమాధులు" అని రాయరు, "సమాధులు అయ్యే అవకాశమున్న చోట్లు" అని రాస్తారు. కెనడా కథ అంతా ఈ రెండు మాటల మధ్య నలిగిపోయింది.

కామ్లూప్స్ తోటలో

కెనడా ప్రభుత్వం మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి, వారి భాష నుంచి దూరంచేసి పెంచడానికి రెసిడెన్షియల్ పాఠశాలలు పెట్టింది. ఎక్కువభాగం వాటిని నడిపినది సంఘాలే. కాథలిక్కులు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, తర్వాత యునైటెడ్ చర్చివారు. 1920లో చట్టం మార్చి హాజరును నిర్బంధం చేశారు. మొత్తం మీద సుమారు లక్షా యాభైవేల మంది పిల్లలు ఈ పాఠశాలల్లో పెరిగారు.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని కామ్లూప్స్ పాఠశాల 1890లో మొదలైంది. 1969 వరకు కాథలిక్ సంఘం నడిపింది, తర్వాత ప్రభుత్వం తీసుకొని 1978లో మూసివేసింది. పిల్లలను ఆ బడి పండ్లతోటలో పూడ్చిపెట్టారని అక్కడి పెద్దలు ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చారు. 2021 మే 27న అక్కడి మూలవాసుల సమాజం తమ తోటలో రాడార్ పరీక్ష చేయించామని, 215 మంది పిల్లల అవశేషాలు నిర్ధారణ అయ్యాయని ప్రకటించింది. ఆ సమాజం వీటిని గుర్తులేని సమాధులు అన్నది. చాలా పత్రికలు "సామూహిక సమాధి" అని రాశాయి. లోకమంతా శవాలు తవ్వి తీశారనే అర్థం చేసుకున్నది.

జూలై 15న ఆ పరీక్ష చేసిన పురావస్తు శాస్త్రవేత్త సారా బ్యూలియు స్వయంగా వివరించారు. అంతకుముందు తవ్వకాలు జరిగిన భాగాలను తీసివేసి సంఖ్యను 200కు తగ్గించారు. తవ్వి చూసేవరకు వీటిని సమాధులు అయ్యే అవకాశమున్న చోట్లు అనే అనాలని ఆమె స్పష్టంగా చెప్పారు. 2024 నాటికి ఆ సమాజం కూడా నేలలో కనబడిన తేడాలు అనే అర్థమిచ్చే మాటనే వాడింది. పాత మురుగు కాలువల కందకాలు కూడా ఇటువంటి సంకేతమే ఇవ్వగలవని వాదించినవారున్నారు. శాస్త్రం ఆ వాదనను కొట్టివేయదు, రుజువైందనీ అనదు. తవ్వాలా, చనిపోయినవారిని కదిలించకుండా ఉంచాలా అన్నది ఆ కుటుంబాలకు సంబంధించిన నిర్ణయం.

అదే ఏడాది జూన్ 24న సస్కాచ్వాన్ రాష్ట్రంలోని కౌవెసెస్ సమాజం మారివాల్ పాఠశాల దగ్గర 751 చోట్లు గుర్తించామని ప్రకటించింది. వారి నాయకుడు అప్పుడే మూడు సంగతులు చెప్పాడు. ఇది సామూహిక సమాధి కాదు. యంత్రంలో నూటికి 10 నుంచి 15 వరకు పొరపాటు ఉండవచ్చు, కాబట్టి 600కు పైగా అని అనుకోవచ్చు. వీరందరూ పిల్లలే అని చెప్పలేము. అది నిజంగా సమాధుల తోటే. 1960లలో సంఘంవారే సమాధి గుర్తులను తీసివేశారని అక్కడివారు చెబుతారు. తర్వాత రికార్డులు, పెద్దల జ్ఞాపకాలు కలిపి చూసి వారిలో అనేకుల పేర్లు గుర్తించారు.

2023లో మానిటోబా రాష్ట్రంలోని పైన్ క్రీక్‌లో ఒక కాథలిక్ ఆలయం కింద రాడార్ చూపిన 14 చోట్లను ఆ సమాజమే తవ్వించింది. మానవ అవశేషాల ఆధారం దొరకలేదు. ఆ ఫలితాన్ని వారు దాచలేదు, బహిరంగంగా ప్రకటించారు. సత్యాన్ని ప్రేమించడమంటే ఎలా ఉంటుందో వారి దగ్గర మనం నేర్చుకోవచ్చు.

ఈలోగా 2021 వేసవిలోనే అనేక ఆలయాలకు నిప్పంటించారు. వాటిలో కొన్ని మూలవాసుల సొంత గ్రామాల్లో, వారి పెద్దలు ఆరాధించే ఆలయాలు. రుజువుకు ముందే పరుగెత్తిన మాట ఎవరి ఇంటిని కాల్చిందో చూడండి.

రాడార్ లేకపోయినా తెలిసినది

ఇంతవరకు చదివి, "అయితే అంతా అబద్ధమే కదా" అని ఊపిరి పీల్చుకునేవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఇక్కడ ఆగండి.

ఆ పిల్లలు చనిపోయారన్న సంగతి రాడార్ మీద ఆధారపడి లేదు. 1907లోనే ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ పశ్చిమ ప్రాంతపు పాఠశాలలను చూసి, గాలి వెలుతురు లేని గదుల్లో క్షయతో పిల్లలు చనిపోతున్నారని నివేదిక ఇచ్చాడు. ఆయన మాట చెల్లలేదు. 1922లో దాన్ని సొంతంగా పుస్తకంగా ప్రచురించాడు. 2015లో కెనడా సత్య, సయోధ్య కమిషన్ పాత రికార్డులు తిరగేసి 3,200 మరణాలను లెక్కించింది. రాడార్ తోటలోకి రావడానికి ఆరేళ్ళ ముందే. పిల్లల మృతదేహాలను ఖర్చు కారణంగా చాలామటుకు ఇళ్ళకు పంపలేదని, పాఠశాలల దగ్గరే పాతిపెట్టారని కూడా కమిషన్ రాసింది.

మా మనస్సును అన్నిటికన్న ఎక్కువగా కలచిన అంకె ఇంకొకటి ఉంది. ఆ 3,200 మందిలో దాదాపు మూడోవంతు మందికి రికార్డులో పేరు లేదు. దాదాపు సగంమందికి మరణ కారణం రాయలేదు. బైబిలు చేతపట్టుకున్నవారి సంరక్షణలో ఒక బిడ్డ చనిపోతే, పేరు రాయడానికి ఒక గీత సిరా దొరకలేదు. ఇది మట్టి దాచినది కాదు. మనుషులు రాయకుండా వదిలివేసినది. దీన్ని ఏ రాడారూ బయటికి తీయలేదు.

ఆ సంఘాలు క్షమాపణ చెప్పాయి. ఆంగ్లికన్లు 1993లో, ప్రెస్బిటేరియన్లు 1994లో, యునైటెడ్ చర్చి 1998లో. పోప్ ఫ్రాన్సిస్ 2022 జూలైలో కెనడా వెళ్ళి మూలవాసుల మధ్య నిలబడి క్షమాపణ కోరారు. వీటిలో మొదటి మూడూ కామ్లూప్స్ వార్తకు చాలా ముందటివి. అంతా కట్టుకథే అయితే అవి ఎందుకు చెప్పినట్టు?

ఐర్లండులోని ట్యూమ్ పట్టణం సంగతి కూడా పక్కన పెట్టుకొని చూద్దాం. అక్కడ సన్యాసినులు 1925 నుంచి 1961 వరకు పెళ్ళికాని తల్లులకు, వారి బిడ్డలకు ఆశ్రమం నడిపారు. కేథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి ఓపికగా రికార్డు ఆఫీసు నుంచి 796 మంది పిల్లల మరణ ధ్రువపత్రాలు సేకరించారు. వారిని ఎక్కడ పాతిపెట్టారన్నదానికి రికార్డు దొరకలేదు. తర్వాత రాడార్ వంటి పద్ధతులతో స్థలాన్ని పరిశీలించారు. ఆ తర్వాత కొంతమేర తవ్వి చూశారు. 2017 మార్చిలో అక్కడ పసిపిల్లల అవశేషాలు గణనీయంగా ఉన్నాయని విచారణ సంఘం ప్రకటించింది. కాగితం, యంత్రం, తవ్వకం, ఈ వరుసలో మూడూ కలిసినప్పుడు సత్యం నిలబడింది. పైన్ క్రీక్‌లో తవ్వకం ఒక అనుమానాన్ని తీసివేసింది. ట్యూమ్‌లో ఒక అనుమానాన్ని స్థిరపరచింది. రెండూ సత్యానికి జరిగిన సేవలే.

ఆకాను గుడారంలో

యెహోషువ గ్రంథం 7వ అధ్యాయం మన సంఘాలకు పరిచయమే. ఆకాను షీనారు పైవస్త్రాన్ని, వెండిని, బంగారు కమ్మిని తన గుడారం మధ్య భూమిలో దాచిపెట్టాడు. తానే ఒప్పుకున్నాడు, ఎక్కడ దాచాడో కూడా చెప్పాడు. అప్పుడు యెహోషువ ఏమి చేశాడో గమనించారా? ఒప్పుకోలు చాలునని ఊరుకోలేదు. మనుషులను పంపాడు. వారు గుడారానికి పరుగెత్తి, దాచినదాన్ని బయటికి తీసి, అందరి ఎదుట ఉంచారు. దేవుడే బయటపెట్టిన పాపం విషయంలో కూడా చూసి రావడమనే మెట్టును వదిలిపెట్టలేదు. అలాగే, మన శిబిరం పరువు పోతుందని గుడారాన్ని మూసివేయనూ లేదు.

పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదనే ఆజ్ఞకు రెండు వైపులున్నాయి. లేనిదాన్ని ఉన్నదనడం ఒకటి. ఉన్నదాన్ని లేదనడం ఇంకొకటి. తెర మీద వంపు కనబడగానే శవాలు అని కేక వేసేవారు మొదటిదానిలో పడతారు. తవ్వకంలో ఏమీ దొరకని ఒక్క చోటును చూపి, పేర్లులేని వందల మరణాలను కొట్టివేసేవారు రెండోదానిలో పడతారు. క్రైస్తవులమైన మనకు రెండోదాని శోధనే ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆరోపణ మన ఇంటి మీద ఉంది.

మన సమాధుల తోటల సంగతి

మన తెలుగు ప్రాంతాల్లోని మిషన్ బోర్డింగు పాఠశాలలను కెనడా పాఠశాలలతో సమానమనడం న్యాయం కాదు. అక్కడ చట్టం పిల్లలను బలవంతంగా తెచ్చింది. ఇక్కడ ఎందరో పేద తల్లిదండ్రులు చదువు కోసం తామే పంపారు. అయినా బాధ్యత ఒకటే. సంఘం నీడలో ఉన్న బిడ్డ పేరు, ఊరు, తల్లిదండ్రుల వివరం, జబ్బు చేస్తే ఏమి చేశాము, ఇంటికి వెళితే ఎవరితో వెళ్ళాడు, ఇవన్నీ పుస్తకంలో ఉండాలి. మీ సంఘం హాస్టల్ గాని, అనాథ శరణాలయం గాని నడుపుతుంటే ఆ పుస్తకాన్ని ఈ వారమే తెరిచి చూడండి.

సమాధుల తోటలకు కూడా ఇదే మాట. ఎన్నో చోట్ల రాతి గుర్తు పెట్టించగలిగినవారి పేర్లే మిగులుతాయి. కర్ర సిలువ పెట్టిన పేదల సమాధి రెండు మూడు వానాకాలాలకు కనబడకుండా పోతుంది. సమాధుల పండుగనాడు పూలు పట్టుకొని వచ్చి, అమ్మ ఎక్కడుందో తెలియక గోడ దగ్గర పూలు పెట్టి వెళ్ళేవారిని మనం చూస్తూనే ఉన్నాము. రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, స్థలం తగాదా వచ్చినప్పుడో గాని ఎవరు ఎక్కడున్నారన్న ప్రశ్న రాదు. అప్పుడు రాడార్ తెప్పించినా అది గుంటలనే చూపుతుంది. పేర్లను చూపదు.

కాబట్టి కమిటీలవారికి మా మనవి. భూస్థాపన రిజిస్టరు ప్రతి సంఘంలోనూ ఉండాలి. పేరు, తేదీ, వయస్సు, తోటలో ఏ వరుసలో ఎన్నవది అన్నది అందులో రాయాలి. తోటకు ఒక పటం గీసి వరుసలకు అంకెలు వేయండి. వృద్ధులైన విశ్వాసులను తోటకు తీసుకువెళ్ళి వారికి గుర్తున్న సమాధులను రాసుకోండి. ఆ జ్ఞాపకం వారితోపాటే వెళ్ళిపోతే తిరిగి రాదు. పాత రిజిస్టర్లను చెదలకు వదలకుండా ఫోటోలు తీసి రెండు చోట్ల భద్రపరచండి. ఎప్పుడైనా సర్వే చేయించవలసి వస్తే, అది చెప్పినంతే సంఘానికి చెప్పండి. "ఇన్ని చోట్ల మట్టిలో తేడా ఉంది, ఇంకా తవ్వి చూడలేదు" అన్న మాటలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక వాట్సాప్ సందేశం ఈసారి మీ ఫోనుకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. రాడార్ చూపినది ఏమిటి? దాన్ని తవ్వి చూశారా? రికార్డులు ఏమంటున్నాయి? ఈ మూడింటికీ జవాబు లేని సందేశాన్ని ముందుకు పంపకండి, అది మన పక్షాన మాట్లాడినా సరే.

మట్టి కింద ఉన్నవారందరినీ పేరుతో ఎరిగినవాడు ప్రభువు. ఆయనకు రాడార్ అవసరం లేదు. మనకు మాత్రం యంత్రమూ కావాలి, పుస్తకమూ కావాలి, వీటన్నిటికంటె ముందుగా సత్యం చెప్పే నాలుక కావాలి. ప్రభువు అది మనకు అనుగ్రహించును గాక.